ప్లేటులో పెరిగిన బూజేనా మచ్చకు కారణం?

ఈసారి ఉత్తరం రాసింది మొక్కల తెగుళ్ల విభాగంలో పీజీ చేస్తున్న ఒక విద్యార్థిని. పేరు బయటపెట్టవద్దన్నారు. థీసిస్ అంశం వంగలో ఆల్టర్నేరియా (ఒక రకం శిలీంధ్రం, అంటే బూజు) ఆకుమచ్చ తెగులు. ఆ శీర్షికతోనే పరిశోధన ప్రణాళిక, అంటే సినాప్సిస్‌కు ఆమోదం వచ్చింది.

పని మొదలుపెట్టినప్పుడు ఒక వంగ తోటకు వెళ్లి మచ్చలున్న ఆకులు తెచ్చుకున్నారు. మచ్చలు ఆకు ఈనెల మధ్య ఇరుక్కున్నట్టు కోణాలుగా ఉన్నాయి, మధ్యలో బూడిద రంగు, వలయాలేమీ లేవు. ఆకు అడుగున టేపు అద్ది మైక్రోస్కోపు కింద చూస్తే రంగులేని, సూదుల్లా సన్నగా పొడవుగా ఉన్న స్పోర్లు (శిలీంధ్ర బీజాలు) కనిపించాయి. ఫోటోలు తీశారు, మిగిలిన ఆకుల్ని కాగితాల మధ్య ఒత్తి దాచారు. శిలీంధ్రాన్ని పెంచే పోషక పదార్థం (మీడియా) సిద్ధంగా లేక ఆ రోజు ఐసోలేషన్, అంటే ఆకు నుంచి శిలీంధ్రాన్ని వేరుచేసి పెంచడం, చేయలేదు. మూడు వారాల తర్వాత అదే తోట నుంచి మళ్లీ ఆకులు తెచ్చారు. ఈలోపు రైతు రెండుసార్లు కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు కొట్టారు. ఈ రెండో విడత ఆకుల్ని పీడీఏ (బంగాళాదుంప, డెక్స్ట్రోజ్ కలిపిన అగార్ జెల్లీ) మీద పెడితే ప్లేటు ప్లేటుకీ ఆల్టర్నేరియానే వచ్చింది. శిలీంధ్రాల్ని గుర్తించడానికి వాడే ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని సీక్వెన్స్ చేయిస్తే ఆల్టర్నేరియా ఆల్టర్నేటాతో నూరు శాతం సరిపోయింది.

చిక్కు అక్కడి నుంచి మొదలైంది. ప్లేటులో పెంచిన ఆ కల్చర్ స్పోర్లను మామూలు మొక్కల మీద చల్లితే వారం దాటినా ఒక్క మచ్చా రాలేదు. గైడ్ సలహా మీద ఆకుల్ని పిన్నుతో గుచ్చి మళ్లీ చల్లారు. గుచ్చిన చోట చిన్న గోధుమ రంగు చుక్కలు వచ్చి, అక్కడే ఆగిపోయాయి. వాటి నుంచి ఆల్టర్నేరియా తిరిగి వచ్చింది. పోల్చి చూడటానికి స్పోర్లు చల్లకుండా ఉంచిన కంట్రోల్ మొక్కల్ని గుచ్చలేదు. 'కోఖ్ సూత్రాలు రుజువయ్యాయి, ఇక రాసెయ్' అని గైడ్ అంటున్నారు (ఒక సూక్ష్మజీవే తెగులుకు కారకమని తేల్చే నియమాలవి). పిన్ను గాయాలు కనపడకుండా ఫోటో కత్తిరించి పెట్టమని ఒక సీనియర్ సలహా. థీసిస్ గడువుకు నాలుగు నెలలు ఉంది. 'మొదట చూసిన స్పోర్లు నిద్ర పట్టనివ్వడం లేదు. సార్‌తో ఎలా చెప్పాలో తెలియడం లేదు. నేను ఎక్కడో తప్పు చేశానా? అటు రైతు ఏ మందు కొట్టాలని అడుగుతున్నారు' అని రాశారు.

అమ్మా, ముందు ఒక మాట. మీరు మొదటి రోజు ఆకుని నేరుగా మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు, ఫోటో తీశారు, ఆకులు ఒత్తి దాచారు. చాలామంది వదిలేసే పని అదే. ఆకు తెచ్చీ తేగానే ముక్కలు కోసి ప్లేట్లలో వేసేస్తారు, తర్వాత వెనక్కి వెళ్లి చూసుకోవడానికి ఏమీ మిగలదు. మీకు మిగిలింది. మీ టెన్షన్‌కి కారణమూ అదే, బయటపడే దారీ అదే.

మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆకు మచ్చ మీద ఏ శిలీంధ్రం ఉంది అన్నది ఒకటి. ప్లేటులో ఏది పెరిగింది అన్నది రెండోది. మచ్చ వేసింది ఏది అన్నది మూడోది. మొదటిదానికి మీ టేపు స్లైడ్ జవాబు చెప్పింది. రెండోదానికి కల్చరూ, ఐటీఎస్ సీక్వెన్సూ జవాబు చెప్పాయి. మూడోదానికి మీ దగ్గర ఇంకా జవాబు లేదు. గైడ్ రెండో జవాబుని తెచ్చి మూడో ప్రశ్నకు అతికిస్తున్నారు. మీ మనసు ఒప్పుకోనిది అక్కడే. ఒప్పుకోకపోవడమే సరైనది.

ఆల్టర్నేరియా ఆల్టర్నేటా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మొక్కల తెగుళ్ల ల్యాబుల్లో ఎందరినో దారి తప్పించిన శిలీంధ్రం. చచ్చిన ఆకు, ఎండిన కాండం, మట్టి, గాలి, దేంట్లోనైనా దొరుకుతుంది. ఏ మచ్చా లేని పచ్చటి ఆకు లోపల కూడా నిశ్శబ్దంగా ఉండగలదు. అందుకే సోడియం హైపోక్లోరైట్‌తో పైపైన శుద్ధి చేసినా లోపల ఉన్నది చావదు. ఏ తెగులు వల్లనైనా ఆకులో కొంత భాగం చచ్చిపోతే అక్కడికి మొదట చేరేవాటిలో ఇదొకటి. పైగా పీడీఏ దానికి బాగా నచ్చిన తిండి. వారం రోజుల్లో ప్లేటులో చాలా భాగం ఆక్రమిస్తుంది.

మీరు మొదట చూసిన స్పోర్ల వర్ణన సెర్కోస్పోరా అనే మరో శిలీంధ్రం వైపు వేలు చూపిస్తోంది. వంగలో సెర్కోస్పోరా మెలాంజెనే ఆకుమచ్చ వేస్తుందన్నది పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయమే. ఇది కల్చర్‌లో చాలా నెమ్మది. వారం గడిచినా కాలనీ చిటికెనవేలి గోరంత ఉంటే ఎక్కువ. పీడీఏ మీద స్పోర్లు వేయడానికి అసలు ఇష్టపడదు. ఆ రెండూ ఒకే ఆకు ముక్కలో ఉంటే మీకు కనిపించేది ఆల్టర్నేరియా ఒక్కటే. రెండోది దాని కిందే కప్పబడిపోతుంది. కూలిన గోడ దగ్గర కనబడ్డవాడే గోడ కూల్చాడని చెప్పలేం కదా, ప్లేటులో కనబడ్డ బూజు విషయమూ అంతే.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మీరు దాన్ని మామూలు సమాచారంలా రాసి దాటేశారు. రైతు మధ్యలో కార్బెండజిమ్ కొట్టారన్నారు. కార్బెండజిమ్ బెంజిమిడజోల్ వర్గం మందు. సెర్కోస్పోరా జాతి దానికి లొంగుతుంది, నిరోధక శక్తి తెచ్చుకున్నవి తప్ప. ఆల్టర్నేరియాకు మాత్రం అది సహజంగానే పట్టదు. అంటే మీరు రెండో విడత తెచ్చిన ఆకుల్లో ఒక శిలీంధ్రాన్ని అణిచి, రెండోదాన్ని వదిలేసే మందు ఉంది. అలాంటి ఆకు నుంచి ఆల్టర్నేరియా మాత్రమే రావడంలో వింత లేదు. మీ స్లైడుకూ మీ ప్లేటుకూ ఎందుకు పొసగలేదో చెప్పడానికి ఇదొక్కటే సగం చాలు. మిగతా సగం, మీరు రెండోసారి కోసినవి ముదిరిన మచ్చలై ఉంటాయి. మచ్చ ముదిరే కొద్దీ లోపల అసలు కారకం తగ్గి, తర్వాత చేరినవి పెరుగుతాయి. తేదీలతో సహా ఈ మందు విషయం మీ నోట్‌బుక్‌లో ఇప్పుడే రాసుకోండి.

అలాగని ఆల్టర్నేరియాని పూర్తిగా నిర్దోషి అనడం లేదు. వంగ మీద నిజంగా మచ్చ వేసే ఆల్టర్నేరియాలు ఉన్నాయి. ఆల్టర్నేరియా సొలాని, ఆల్టర్నేరియా మెలాంజెనే పేర్లు మీరు చదివే ఉంటారు. ఆల్టర్నేటా కూడా కొన్నిచోట్ల వంగ ఆకుమచ్చకు కారకమని నమోదైంది. కానీ ఆల్టర్నేరియా మచ్చ మామూలుగా ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు వేసుకుంటుంది, కాయ మీద కూడా లోపలికి దిగిన పెద్ద మచ్చలు చేస్తుంది. మీవి కోణాలుగా, బూడిద రంగు మధ్యభాగంతో, వలయాలు లేకుండా ఉన్నాయన్నారు. లక్షణాలు చూసి మాత్రమే తీర్పు చెప్పకూడదు, నిజమే. కానీ లక్షణమూ, స్పోరూ ఒకే వైపు చూపిస్తుంటే ఆ వైపు వెళ్లి చూడకుండా ఉండటానికి కారణం కనపడదు.

మచ్చ వేయగల మిగతావాటిని కూడా ఒకసారి పక్కకు తీసి పెట్టండి. ఫోమాప్సిస్ వెక్సాన్స్ అయితే, అంటే ఇప్పటి పేరు ప్రకారం డయాపోర్తే వెక్సాన్స్ అయితే, మచ్చ మధ్యలో గుండుసూది మొనంత నల్లని చుక్కలు కనిపిస్తాయి. వాటిని నీటిచుక్కలో చిదిమితే చిన్న అండాకారపు స్పోర్లు కుప్పగా బయటికి వస్తాయి. కొన్నిసార్లు వంకర తీగల్లాంటి రెండో రకం కూడా ఉంటాయి. మన దగ్గర ఆకుమాడు, కాయకుళ్లు తెగులు అనేది దీన్నే. ఆ వంకర తీగల్ని సెర్కోస్పోరా అని పొరబడేవాళ్లు ఉన్నారు, కానీ అవి చాలా చిన్నవి, మధ్యలో అడ్డుగోడలు ఉండవు. కొరినెస్పోరా అయితే స్పోరు ముదురు రంగులో లావుగా ఉంటుంది. బ్యాక్టీరియా కాదని తేల్చుకోవడానికి మచ్చ అంచుని నీటిచుక్కలో కోసి, పాలలాంటి ధార కారుతుందా అని చూడటం చాలు.

ఇప్పుడు మీ దగ్గర ఉన్న పాత ఫోటోల దగ్గరికి, ఒత్తిన ఆకుల దగ్గరికి వెళ్లండి. ఎండిన ఆకు మీద స్పోర్లు చాలాకాలం చెక్కుచెదరవు. మచ్చ అడుగు భాగాన్ని మెల్లగా గీకి, స్లైడు తయారీకి వాడే లాక్టోఫినాల్‌లో పెట్టి, హై పవర్ కింద స్పోరు మొదలు చూడండి. నలభై రెట్ల లెన్సుకి కనపడకపోతే నూనె చుక్క వేసి చూసే ఆయిల్ ఇమర్షన్ లెన్సు పెట్టండి. స్పోరు మొదలు బల్లపరుపుగా కోసినట్టు ఉండి, అది ఊడిపోయిన చోట, అంటే స్పోరును మోసే కాడ మీద, చిన్న నల్లని గుర్తు మందంగా కనిపిస్తే సెర్కోస్పోరా. ఆ గుర్తు మందంగా లేకుండా, స్పోరుకే లేత ఆలివ్ రంగు ఉంటే సూడోసెర్కోస్పోరా వైపు ఆలోచించాలి. వంగ మీద సూడోసెర్కోస్పోరా ఎజెన్యులా కూడా ఉంది. 'రంగులేనివి' అని మీరు రాశారు కాబట్టి మొదటిదే అయ్యే అవకాశం ఎక్కువ. కానీ ఆ నల్లని గుర్తు మీ కళ్లతో చూసి, స్కేలు బారుతో ఫోటో తీసి, కనీసం యాభై స్పోర్లు కొలిచి రాయండి. ఈ పని రెండు రోజుల్లో అయిపోతుంది. గైడ్‌తో మాట్లాడే ముందే ఇది మీ చేతిలో ఉండాలి.

ఇక మీ ముందున్న దారులు. నాకు మూడు కనిపిస్తున్నాయి. మూడూ నిజాయతీగా నడవదగినవే. ఖరీదు మాత్రం ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది.

మొదటిది, మళ్లీ ఆకు దగ్గరికి వెళ్లి సెర్కోస్పోరాని నేరుగా పట్టుకోవడం. నన్ను అడిగితే నా మొగ్గు ఇటే. మందు కొట్టని తోట నుంచి, లేదా కొట్టి చాలాకాలమైన చోటు నుంచి, లేత మచ్చలున్న ఆకులు తీసుకురండి. చిన్న మచ్చలు, ఇంకా చిల్లులు పడనివి. తడి కాగితం పరిచిన పెట్రీ ప్లేటులో ఆకు అడుగు పైకి వచ్చేలా పెట్టి మూత వేసి, ఇరవై అయిదు డిగ్రీల దగ్గర ఒక రాత్రి నుంచి రెండు రోజుల వరకు ఉంచండి. అంతకు మించి ఉంచితే మళ్లీ ఆల్టర్నేరియానే రాజ్యం చేస్తుంది.

తర్వాత స్టీరియో మైక్రోస్కోపు కింద పక్కనుంచి లైటు పడేలా పెట్టి చూడండి. బూడిద రంగు మచ్చ మీద చిన్న చిన్న గోధుమ రంగు పొదలు, వాటి కొనల నుంచి నిటారుగా లేచిన గాజు పోగుల్లాంటి స్పోర్లు, లైటు తగిలి మెరుస్తూ కనిపిస్తాయి. సన్నని సూది మొనకు చిటికెడు అగార్ ముక్క అంటించుకోండి. ఆకుని తాకకుండా ఆ పోగుల చివరలకి మాత్రమే అగార్‌ని ఆనించండి. ఆకుని తాకితే మళ్లీ మొదటికొస్తుంది. ఆ ముక్కని నీటి అగార్ మీద గీసి, తక్కువ పవర్ కింద ఒంటరిగా పడిన స్పోర్లు వెతికి, ప్లేటు వెనుక మార్కర్‌తో గుర్తు పెట్టండి. మర్నాటికి మొలకెత్తుతాయి. పొడవాటి స్పోరుకు గదిగదికీ పక్కల నుంచి మొలకలు వస్తుంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ ఒక్క స్పోరు ఉన్న అగార్ ముక్కని కోసి కొత్త ప్లేటుకి మార్చండి. నీటి అగార్‌లో స్ట్రెప్టోమైసిన్ కలిపితే బ్యాక్టీరియా బెడద ఉండదు. కార్బెండజిమ్ లేదా బెనోమిల్ కలిపిన సెలెక్టివ్ మీడియా ఏదైనా మీ ల్యాబులో ఉంటే దాని జోలికి పోకండి, మీకు కావలసిందాన్నే అది చంపుతుంది.

స్పోర్లు కావాలంటే పీడీఏ మీద ఆశ పెట్టుకోకండి. వీ8 అనే కూరగాయల రసంతో చేసిన అగార్, క్యారెట్ ఆకుల కషాయంతో చేసిన అగార్, వంగ ఆకుల కషాయంతో చేసినది, ఇవి ప్రయత్నించండి. పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి ఇవ్వండి. కల్చర్‌ని పదే పదే మార్చుకుంటూ పోతే స్పోర్లు వేసే గుణమే పోతుంది, కాబట్టి మొదటి తరాన్ని వెంటనే భద్రపరచండి. ప్లేటు అడుగున మీడియా ఎర్రగా మారితే అది సెర్కోస్పోరిన్ అనే రంగు పదార్థం కావచ్చు. ఎరుపు రాలేదని మాత్రం సెర్కోస్పోరా కాదనుకోవద్దు, అన్నీ దాన్ని చేయవు. స్పోర్లు ఎంతకీ రాకపోతే బూజు పోగుల్నే నీటిలో సన్నగా నలిపి చల్లవచ్చు. ఆ పద్ధతి చాలామంది వాడుతున్నదే, థీసిస్‌లో అలా చేశానని స్పష్టంగా రాస్తే సరిపోతుంది.

ఈ దారిలో కల్చర్ చేతికి రావడానికి మూడు వారాలు, మొక్కల మీద పరీక్షకు మూడు వారాలు, తిరిగి ఐసోలేట్ చేయడానికి మరో మూడు వారాలు వేసుకోండి. మీకున్న నాలుగు నెలల్లో సరిపోతుంది, కానీ వృథా చేయడానికి వ్యవధి లేదు. లేత మచ్చలున్న ఆకులు ఇప్పుడు దొరుకుతాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. దొరికితే ఈ దారే పట్టండి.

రెండోది, ఆల్టర్నేరియాతోనే ఉంటూ దాన్ని సరిగ్గా పరీక్షించడం. మీ పరీక్షలో లోటు ఎక్కడుందో చెబుతాను. కంట్రోల్ ఆకుల్ని గుచ్చలేదు. కాబట్టి ఆ గోధుమ చుక్క పిన్ను వల్ల వచ్చిందా, శిలీంధ్రం వల్ల వచ్చిందా అన్నది ఎవరూ చెప్పలేరు. చచ్చిన కణజాలం మీద ఆల్టర్నేరియా చల్లి మళ్లీ ఆల్టర్నేరియానే వెనక్కి తీయడం దేనికీ రుజువు కాదు. ఎండుటాకు మీద చల్లినా వెనక్కి వస్తుంది. రాబర్ట్ కోఖ్ పేరుతో ఉన్న ఆ సూత్రాల్లో మూడోది ఆరోగ్యంగా ఉన్న మొక్కలో అదే తెగులు రావాలంటుంది. గుచ్చిన చోట ఆగిపోయిన చుక్క, తోటలో విస్తరించిన కోణాకారపు మచ్చ, ఈ రెండూ ఒకటే లక్షణం కావు.

మళ్లీ చేసేటప్పుడు నాలుగు రకాల మొక్కలు పెట్టండి. గుచ్చి స్పోర్లు చల్లినవి, గుచ్చి ఉత్త నీళ్లు చల్లినవి, గుచ్చకుండా స్పోర్లు చల్లినవి, గుచ్చకుండా నీళ్లు చల్లినవి. తోటలో ఉన్న రకమే వాడండి. స్పోర్ల సాంద్రత మిల్లీలీటరుకు లక్ష దగ్గర ఉంచి, హీమోసైటోమీటర్‌తో లెక్కపెట్టి, ఆకు అడుగున కూడా బాగా తడిసేలా చల్లండి. నలభై ఎనిమిది గంటలు పాలిథీన్ కవర్ కప్పి తేమ ఉంచండి. అప్పుడు కూడా గుచ్చని ఆకుల మీద ఏమీ రాకపోతే, అదే మీ ఫలితం. 'ఈ ఐసోలేట్ ఈ పరిస్థితుల్లో ఆరోగ్యవంతమైన వంగ ఆకు మీద తెగులు కలిగించలేదు' అన్న వాక్యం థీసిస్‌లో ఉండదగిన వాక్యమే. దీని ఖరీదు ఏమిటంటే, శీర్షికకూ ఫలితానికీ పొత్తు కుదరదు. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. జవాబు సిద్ధంగా ఉంటే భయపడాల్సిన ప్రశ్న కాదది.

ఇదే పరీక్ష సెర్కోస్పోరాతో చేసేటప్పుడు ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఇది ఆకు రంధ్రాల గుండా లోపలికి వెళ్తుంది, పిన్ను అక్కర్లేదు. మచ్చ కనిపించడానికి వారం నుంచి మూడు వారాల దాకా పట్టవచ్చు. ఏడో రోజున చూసి 'రాలేదు' అని పారేస్తే నష్టపోతారు. వెలుతురు కూడా ముఖ్యం. సెర్కోస్పోరిన్ అనేది వెలుతురు తగిలితేనే కణాలను దెబ్బతీసే విషం. కవర్ తీసేశాక మొక్కల్ని మసక వెలుతురు గదిలో మూలన పెడితే లక్షణాలు మందగిస్తాయి. మీ ల్యాబులో గ్రోత్ చాంబర్ లైట్లు సరిగ్గా వెలుగుతున్నాయో లేదో ముందే చూసుకోండి.

మూడోది, రెండింటినీ కలిపి చూడటం. సెర్కోస్పోరా దొరికితే దాన్ని ఒక్కదాన్నీ, ఆల్టర్నేరియాని ఒక్కదాన్నీ, ముందు సెర్కోస్పోరా చల్లి మచ్చ వచ్చాక ఆల్టర్నేరియానీ, ఇలా వేర్వేరు మొక్కల మీద చల్లవచ్చు. మచ్చ మొదట ఎవరు వేశారు, తర్వాత చేరినది దాన్ని పెద్దది చేసిందా, ఊరికే కాపురం పెట్టిందా అన్నది తేలుతుంది. ఇలా చేస్తే మీరు ఇప్పటివరకు ఆల్టర్నేరియా మీద పెట్టిన శ్రమలో ఒక్క రోజు కూడా వృథా కాదు. గైడ్‌కు కూడా తను మొదలుపెట్టిన అంశం నిలబడినట్టే ఉంటుంది. పని మాత్రం ఎక్కువ, సమయం చాలకపోవచ్చు. మొదటి దారిలో కల్చర్ త్వరగా దొరికితేనే దీని గురించి ఆలోచించండి.

సెర్కోస్పోరా కల్చర్ ఎంతకీ రాకపోతే? అప్పుడూ చేతులెత్తేయాల్సిన పని లేదు. ఒత్తిన ఆకు మచ్చ నుంచే డీఎన్ఏ తీయవచ్చు. స్పోర్ల కొలతలు, ఫోటోలు, ఆ సీక్వెన్స్ కలిపి 'మచ్చలతో సంబంధం ఉన్న శిలీంధ్రాలు' అన్న పరిధిలో రాయండి. కారకం అన్న మాట వాడకండి. సంబంధం అన్న మాట వాడండి. తక్కువ చెప్పినట్టు ఉంటుంది, కానీ చెప్పినంతా నిలబడుతుంది.

ఐటీఎస్ గురించి మీ గైడ్ 'మాలిక్యులర్‌గా కన్ఫర్మ్ అయింది' అన్నారని రాశారు. కన్ఫర్మ్ అయింది ప్లేటులో ఉన్నది ఆల్టర్నేరియా అన్నది మాత్రమే. శిలీంధ్రాలను గుర్తించడానికి ఐటీఎస్‌ని 2012లో ప్రామాణిక బార్‌కోడ్‌గా ప్రతిపాదించారు, అది చాలా ఉపయోగపడుతుంది. కానీ చిన్న స్పోర్ల ఆల్టర్నేరియాలలో ఒకదానికీ మరొకదానికీ ఐటీఎస్‌లో తేడా ఉండదు. వాటికి ఆల్ట్ ఏ 1, జీఏపీడీహెచ్, ఆర్‌పీబీ2 లాంటి జీన్లు కూడా చూడాలి. సెర్కోస్పోరా జాతుల్లోనూ ఇదే ఇబ్బంది. అక్కడ యాక్టిన్, కాల్‌మాడ్యులిన్, హిస్టోన్ హెచ్3 కలిపి చూస్తారు. డేటాబేస్‌లో మొదటి వరుసలో వచ్చిన పేరే సరైనదన్న హామీ కూడా లేదు. అక్కడ పేరు పెట్టింది ఎవరో ఒకరు అప్‌లోడ్ చేసినవాళ్లే. డబ్బు, సమయం ఉంటే ఒక అదనపు జీన్ చేయించండి. లేకపోతే 'ఆల్టర్నేరియా, ఆల్టర్నేటా సముదాయం' అని రాసి ఆపండి.

గైడ్‌తో ఎలా మాట్లాడాలన్నారు. ఆయన్ని శత్రువుగా చూడకండి. ఆయన పద్ధతి నాకు నచ్చలేదు. శీర్షికలోనే శిలీంధ్రం పేరు రాసేసి తర్వాత దాన్ని వెతకడం తలకిందుల పని అని నా అభిప్రాయం. కానీ ఆయన మీదా గడువులూ, నివేదికలూ ఉంటాయి. 'మీరు చెప్పింది తప్పు' అన్న వాక్యంతో మొదలుపెడితే సంభాషణ అక్కడే ముగుస్తుంది. మైక్రోస్కోపు కింద స్లైడ్ ఫోకస్ చేసి పెట్టి, 'సార్, ఒత్తిన ఆకు నుంచి ఇది వస్తోంది, ఒక్కసారి చూస్తారా, నాకు అర్థం కావడం లేదు' అని పిలవండి. ఆయన కన్ను లెన్సు మీద పెట్టాక మీరు ఎక్కువ మాట్లాడక్కర్లేదు. ఏళ్ల తరబడి స్పోర్లు చూసిన మనిషి ఆ నల్లని గుర్తుని చూడకుండా ఉండలేరు. తర్వాత కార్బెండజిమ్ సంగతి చెప్పండి, రెండు ఫలితాలకూ అది కారణం ఇస్తుంది కాబట్టి ఎవరి మాటా తీసేసినట్టు ఉండదు. ఆపైన మూడో దారిని ఆయన ముందు పెట్టండి.

ఆయన అప్పటికీ ఒప్పుకోకపోతే మీ అడ్వైజరీ కమిటీలో ఇంకో సభ్యుడికి ఇదే స్లైడ్ చూపించవచ్చు. అయితే గైడ్‌కు ముందు చెప్పి వెళ్లండి. చెప్పకుండా వెళ్తే విషయం శిలీంధ్రం నుంచి అహం మీదకు మళ్లుతుంది, మిగిలిన నాలుగు నెలలూ అదే నడుస్తుంది. శీర్షిక మార్చడానికి మీ విశ్వవిద్యాలయంలో ఏ దశ వరకు అనుమతి ఉందో ముందే అకడమిక్ సెక్షన్‌లో కనుక్కోండి. కొన్నిసార్లు 'ఆల్టర్నేరియా' అన్న ఒక్క మాట తీసేసి 'వంగలో ఆకుమచ్చ తెగులు' అని ఉంచితే చాలు, పెద్ద మార్పు కింద కూడా లెక్కవేయరు.

సీనియర్ చెప్పిన ఫోటో సంగతి మాత్రం దారుల్లో ఒకటిగా నేను లెక్కపెట్టను. గాయం కనపడకుండా కత్తిరించిన ఫోటో, కళ్లకు కనపడని చోట పెట్టిన అబద్ధం. దొరికితే డిగ్రీకే ముప్పు అన్నది ఒక సంగతి. దొరకకపోతే ఇంకా ఘోరం. మీ థీసిస్ చదివి ఇంకో విద్యార్థి ఆ ఫలితం మీద తన పని కడతాడు, ఒక సిఫారసు తయారవుతుంది, ఒక రైతు ఆ మందు కొంటాడు. గుచ్చినవే ఫోటోలు పెట్టాలంటే పెట్టండి, కింద 'పిన్నుతో గాయం చేసిన ఆకు' అని రాయండి. సీనియర్‌తో గొడవ అక్కర్లేదు, 'నేను అలా పెట్టను' అని మెల్లగా చెప్పి వదిలేయండి. 'నేను ఎక్కడో తప్పు చేశానా' అని అడిగారు. చేయలేదు. కంట్రోల్ గుచ్చకపోవడం సరిదిద్దుకోగల లోటు, అంతే.

రైతుకు ఇప్పుడే ఏం చెప్పాలన్నది మిగిలింది. ఆయన్ని మీ థీసిస్ అయ్యేదాకా ఆపకండి. పేరు తేలకముందే చెప్పగలిగినవి ఉన్నాయి. కింది ముదురు ఆకుల్లో మచ్చలున్నవి తెంపి తోట బయటికి తీసుకెళ్లమనండి, రాలిన ఆకులు అక్కడే వదలవద్దనండి. పై నుంచి ఆకులు తడిసేలా నీళ్లు పెట్టకుండా మొదలు దగ్గరే పెట్టమనండి. మొక్కల మధ్య గాలి ఆడేలా చూసుకోమనండి. కార్బెండజిమ్ ఒక్కటే మళ్లీ మళ్లీ కొట్టడం ఆపించండి. కారకం ఆల్టర్నేరియా అయితే అది పనిచేయదు, సెర్కోస్పోరా అయితే వరుసగా కొట్టే కొద్దీ నిరోధక శక్తి వచ్చే ప్రమాదం ఉంది. మాంకోజెబ్, క్లోరోథలోనిల్ లాంటి మందులు రెండింటి మీదా పనిచేస్తాయి. వంగ మీద వాడటానికి అనుమతి ఉండి, లేబుల్ మీద ఆ పంట పేరు ఉన్నదే తీసుకోవాలి. మోతాదూ, కొట్టాక కాయ కోయడానికి ఆగాల్సిన రోజులూ లేబుల్ చూసి పాటించమనండి. కాపు చివరి దశలో ఉండి, మచ్చలు కింది ఆకుల్లో మాత్రమే ఉంటే అసలు మందే అవసరం పడకపోవచ్చు. తోటలో ఒక వరుసని మందు లేకుండా వదలమని అడగండి. మీకు కావలసిన లేత మచ్చల ఆకులు అక్కడే దొరుకుతాయి.